పదిహేడుసార్లు తింటే ఇరవై ఒక్క రూపాయి!

ఈ వారం సినిమా కబుర్లు కాస్త వెనక్కి జరుపుతున్నాను. ముందు భోజనం సంగతి. కంగారుపడకండి, నడుమ సినిమా వస్తుంది. సినిమా లేకుండా ఈ పేజీ నింపితే మా ఎడిటర్‌గారు వూరుకోరు.

మొన్నొక ఆదివారం రాత్రి మా మేనల్లుడు కరీంనగర్ నుంచి ఫోన్ చేశాడు. ఇంటర్వెల్లో, హాలు వరండాలోంచి. వెనకాల పాప్‌కార్న్ మిషన్ టపటపలు వినిపిస్తూనే వున్నాయి.

"మామా, ఈడ ఒక కార్డు అమ్ముతున్రు. వెయ్యిన్ని తొమ్మిదొందల తొంభైతొమ్మిది. సంవత్సరమంత హోటళ్ళల్ల డిస్కౌంటట. ఇయ్యాల్నే లాస్టు అంటున్రు. తీస్కుందునా?"

"ఇయ్యాల్నే లాస్టు అన్నరా?"

"అవు మామా."

"అయితే రేపు తీస్కో."

వాడికి అర్థం కాలేదు. ఇంతలో రెండో సగం మొదలైంది, ఫోన్ పెట్టేశాడు. మంగళవారం నాకెలాగూ కరీంనగర్‌లో పని పడింది. ఆదిలాబాద్‌లో తెల్లారకముందే బస్సెక్కి, నిర్మల్, జగిత్యాల మీదుగా పోయి దిగాను. కార్డు అమ్మే టై కుర్రాళ్ళు ఆ రోజూ హాలు ముందే వున్నారు. 'ఇయ్యాల్నే లాస్టు' కూడా వుంది. చూడబోతే వంద రోజులు ఆడేలా వుంది!

గీతాభవన్ చౌరస్తా దగ్గర టీ కొట్లో కూర్చుని, వాడు తెచ్చిన కరపత్రం విప్పాను. అచ్చం సినిమా పోస్టరే. పైన హీరో పేరంత అక్షరాల్లో 'ఒక భోజనం కొంటే ఇంకో భోజనం ఫ్రీ'. అట్టడుగున, ప్రెస్సు పేరు వేసే సైజులో షరతులు. పోస్టర్‌లో పెద్దక్షరాలు చూసి టిక్కెట్టు కొని మోసపోయిన అనుభవం మీకూ వుండే వుంటుంది. అందుకని నేను కిందినుంచి పైకి చదివాను.

ఆ ఫ్రీ భోజనం కూపన్లు రెండే. అవీ హైదరాబాద్‌లో మూడంటే మూడు హోటళ్ళలో, సోమవారం నుంచి గురువారం దాకా చెల్లుతాయి. కరీంనగర్ వాళ్ళకు దక్కేది వేరే: ఆరు హోటళ్ళలో బిల్లు మీద 20 శాతం తగ్గింపు, అదీ ఒకసారికి 200 రూపాయలు దాటకుండా. టేబుల్‌కు ఒక్క కార్డే. పండుగరోజుల్లో చెల్లదు. కార్డు ధర మీద పన్ను అదనం. ఇక మా ఆదిలాబాద్ వైపు? 2016 అక్టోబరులో జిల్లాలు విడదీసినప్పుడు మా ఒక్క ఆదిలాబాద్ నాలుగు జిల్లాలయింది. ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్. నాలుగూ వెతికాను, ఒక్క హోటలు లేదు. జొన్నరొట్టె పెట్టే చోట డిస్కౌంటు అడిగేవాడెవడు అనుకున్నారో ఏమో!

ఇక లెక్క. ఇదివరకయితే సినిమా టిక్కెట్టు వెనక వేసేవాణ్ణి. ఇప్పుడు టిక్కెట్టు ఫోన్‌లో వుంటుంది, దానికి వెనకవైపు లేదు. కాబట్టి కరపత్రం మీదనే వేశాను. 1,999 మీద 18 శాతం జీఎస్టీ కలిపితే సుమారు 2,359 రూపాయలు. మావాడూ, ఇంకొకరూ కలిసి ఓ మాదిరి ఫ్యామిలీ రెస్టారెంటులో తింటే 700 రూపాయల బిల్లు అనుకుందాం. అందులో 20 శాతం అంటే 140. కార్డుకు పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే పదహారుసార్లు తిన్నా చాలదు, పదిహేడోసారి తినాలి. పదిహేడు ఏడువందలు 11,900. అందులో తగ్గేది 2,380. కార్డు ధర తీసేస్తే మిగిలే లాభం 21 రూపాయలు. (బిల్లు మీద పడే 5 శాతం జీఎస్టీ జోలికి పోలేదు. మీకు ఓపిక వుంటే వేసుకోండి.)

"చూసినవా? పన్నెండువేల రూపాయల తిండి తింటే ఒక టీ, రెండు బిస్కెట్లు మిగుల్తయి" అన్నాను.

"పదిహేడుసార్లు గాదు మామా, ఇరవైసార్లు పోత."

ఇదిగో, ఇక్కడే పట్టుకోవాలి! కార్డు అమ్మేవాడు మనచేత రాబోయే సంవత్సరాన్ని లెక్కపెట్టిస్తాడు. రాబోయే సంవత్సరంలో మనమంతా కలెక్టర్లమే. నేను వాణ్ణి గడిచిన ఆరు నెలలు లెక్కపెట్టమన్నాను. సినిమాలైతే గుక్క తిప్పుకోకుండా చెప్పాడు, పందొమ్మిది. (నా మేనల్లుడు గదా.) హోటలు భోజనాలు మూడు. ఒకటి దోస్తు పుట్టినరోజు, బిల్లు దోస్తుదే. ఇంకొకటి నాతో, బిల్లు నాదే. వీడి జేబులోంచి పోయింది ఒక్కటే, పరీక్ష ఫలితాలొచ్చిన రాత్రి తిన్న బిర్యానీ.

మంకమ్మతోటలో ఇద్దరు పిల్లలతో కలిసి గదిలో వుంటాడు. పొద్దున గ్రూప్స్ కోచింగు, సాయంత్రం ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో పని. ఆ దుకాణం ఇచ్చే డబ్బులోంచి మొదటిసారి మిగిలిన రెండువేలు వాడి దగ్గరున్నాయి. పిసినారి కాదుగాని, ఉత్తపుణ్యానికి ఖర్చు పెట్టే రకమూ కాదు. మరి ఈ కార్డు మీద ఇంత పట్టు దేనికి?

టీ చల్లారిందాకా చెప్పలేదు. ఆఖరికి తల దించుకుని చెప్పాడు.

"అమ్మను ఒక్కసారి ఏసీ హోటలుకు తోల్కపోదామని మామా. బిల్లు ఎంతైందని అడుగుతది. ఏడొందలంటే లేషి బయటికొస్తది. నీది ఫ్రీ అంటే తింటది."

మా అక్క కోరుట్లలో వుంటుంది. ముప్ఫై ఏళ్ళుగా బీడీలు చుడుతోంది. చాట వొళ్ళో పెట్టుకుని, ఆకు కత్తిరిస్తూనే వీణ్ణి డిగ్రీ చదివించింది. ఏ హోటల్లోనూ కుర్చీలో కూర్చుని మెనూ కార్డు చూసి ఎరగదు. పెళ్ళిళ్ళకూ తద్దినాలకూ తప్ప బయట తినడం అంటే ఆవిడ దృష్టిలో ఇంట్లో ఆడవాళ్ళకు జ్వరం వచ్చినట్టు లెక్క.

అప్పుడు నాకు వాడికి చెప్పక తప్పని సంగతి ఒకటి గుర్తుకొచ్చింది. పన్నెండేళ్ళ కిందటిది. ఆ రోజుల్లో నేను హైదరాబాద్‌లో వున్నాను. ఒక పెద్ద హోటలు తరఫున ఒక అమ్మాయి ఫోన్ చేసి, మీలాంటి ప్రముఖులకు మాత్రమే సార్ అంటూ సభ్యత్వ కార్డు అంటగట్టింది. ప్రముఖులు అన్న మాటకు నేను పడిపోయాను. జేబులో బంగారు రంగు కార్డు పెట్టుకుని నెలరోజులు తిరిగాను. అప్పుడే మా బావ, అంటే వీడి నాన్న, గల్ఫ్ వీసా మెడికల్ పరీక్షకని పట్నం వచ్చాడు. బావను ఏదో ఇరానీ హోటలుకు తీసుకుపోతే బాగుండేది. కార్డుంది గదాని ఆ పెద్ద హోటలుకే తీసుకుపోయాను. శనివారం రాత్రి. 'సగం బిల్లే బావా, ఏం గావాల్నో చెప్పు' అని గొప్పలు పోయాను.

బిల్లుతోబాటు కార్డు కూడా వెనక్కి వచ్చింది. శని, ఆదివారాలు చెల్లదు సార్ అన్నాడు బేరర్, ఎంతో మర్యాదగా. నా దగ్గర సగానికే డబ్బుంది. బావ ఏమీ అనకుండా లోపలి జేబులోంచి రుమాలు తీసి, ముడి విప్పి, మెడికల్ ఫీజుకని తెచ్చిన నోట్లలోంచి లెక్కపెట్టి ఇచ్చాడు. మర్నాడు నేనెక్కడో అప్పు చేసి తిరిగి ఇచ్చాననుకోండి. కాని ఆ రుమాలు ముడి విప్పిన తీరు ఇప్పటికీ కళ్ళముందే వుంది. 2023లో వచ్చిన 'బలగం' చూశారు కదా! నల్లిబొక్క దగ్గర మొదలైన అలక ఎన్నేళ్ళు సాగిందో! మా వైపు విస్తరి ముందు జరిగే మర్యాద అంత సున్నితం. మా బావ అలగలేదు. ఇంటికెళ్ళి అక్కకూ చెప్పలేదు. ఇప్పుడు మస్కట్‌లో వున్నాడు. ఫోన్ చేసినప్పుడల్లా 'హోటలుకు పోయినవా తమ్మీ?' అని మాత్రం అడుగుతాడు.

మావాడు ఆ కథ విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే ముందుగాల పొయ్యి అడుగుదమా?" అన్నాడు. పిల్లాడు చురుకైనవాడే.

కరపత్రంలో వున్న ఆరు హోటళ్ళకూ నడుచుకుంటూ పోయాం. ముకరంపురలో వెతికిన మొదటిది ఇప్పుడు చీరల దుకాణం. రెండోదానికి తాళం, తాళానికి తుప్పు. మూడో దాంట్లో కౌంటరు దగ్గరి కుర్రాడు ఆ కార్డు పేరే వినలేదన్నాడు. రెండుచోట్ల చెల్లుతుందన్నారు గాని బిర్యానీకి, కూల్‌డ్రింకులకు తగ్గింపు వుండదట. కరీంనగర్‌లో స్నేహితులతో హోటలుకు పోయి బిర్యానీ తినకుండా వచ్చే యువకుణ్ణి మీరెవరైనా చూశారా? ఆరోది కోర్టు చౌరస్తా దాటాక. అక్కడి మేనేజరు పెద్దమనిషి, మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిప్పించి నిజం చెప్పాడు.

"కార్డోళ్ళు మాకేం ఇయ్యరు సార్. మీరు కట్టిన రెండువేలు ఆళ్ళయి. తగ్గించేది మేం. గిరాకి వస్తదని ఒప్పుకున్నం. అచ్చినోళ్ళు కార్డు ఉన్నన్ని దినాలే అచ్చిన్రు. దినాం పది టేబుళ్ళకు తగ్గిస్తే వంటాయన జీతం ఎవలియ్యాలె? పోయిన సంక్రాంతికే బంద్ చేసినం."

ఆయన చెప్పింది కరీంనగర్ ముచ్చటే గాని, పెద్ద నగరాల్లో ఇదే గొడవ వీధికెక్కింది. 2017 నవంబరులో జొమాటో మనదేశంలో 'గోల్డ్' అని సభ్యత్వం పెట్టింది. డబ్బు కట్టి చేరితే, చేరిన హోటళ్ళలో ఒక వంటకం కొంటే ఇంకొకటి ఉచితం. జనం విరగబడ్డారు. ఆ రెండో ప్లేటు ఖర్చు మాత్రం హోటలువాళ్ళదే. 2019 ఆగస్టులో హోటలు యజమానులు 'లాగౌట్' అంటూ ఉద్యమం మొదలుపెట్టారు. గురుగ్రామ్‌లో రాజుకుని మిగతా నగరాలకు పాకింది, వెయ్యికి పైగా హోటళ్ళు అలాంటి తగ్గింపు పథకాల్లోంచి బయటికి వచ్చేశాయి. కంపెనీ షరతులు మార్చింది. 2020లో పేరే మార్చి 'ప్రో' అంది, ఆ ప్రో కూడా పోయి 2023 జనవరిలో మళ్ళీ 'గోల్డ్' వచ్చింది. పాత పేరు, కొత్త కథ. ఈసారి ఇంటికి తెచ్చిచ్చే భోజనానికి డెలివరీ చార్జీ మాఫీ చేయడమే ముఖ్యం. మన దగ్గర హిట్టయిన పాత సినిమా పేరు పెట్టి కొత్త సినిమా తీస్తారు చూడండి, అలాగన్నమాట.

సినిమా అన్నాను కదా. ఇదే కథ అమెరికాలో సినిమా టిక్కెట్లతో నడిచింది, మన పాఠకులు తప్పక తెలుసుకోవాల్సిన కథ. మూవీపాస్ అని ఒక కంపెనీ. 2017 ఆగస్టులో నెలకు 9.95 డాలర్లకే రోజుకొక సినిమా చూడొచ్చు అని ప్రకటించింది. రోజుకొకటి! అక్కడ చాలా వూళ్ళలో ఒక్క టిక్కెట్టే దాదాపు అంత ధర. థియేటర్లకు కంపెనీ తన జేబులోంచి పూర్తి ధర కట్టాలి. మరి ఎలా గిట్టుతుంది? కార్డు కొని, ఒకటి రెండు సినిమాలు చూసి, తర్వాత మర్చిపోయేవాళ్ళు బోలెడుమంది వుంటారని లెక్క. అంటే కార్డు కొని బీరువాలో పడేసినవాడే ఆ వ్యాపారానికి హీరో. మనలాంటి వాళ్ళు, పొద్దుటాట చూసి బయటికొచ్చి మళ్ళీ మాట్నీ క్యూలో నిలబడే రకం, విలన్లు.

అక్కడా మనలాంటివాళ్ళు వున్నారు మరి. 2018 జూన్‌కల్లా ముప్ఫై లక్షలమంది చేరారు, చేరినవాళ్ళు నిజంగానే సినిమాలు చూశారు! ఆ జూలైలో ఒకరోజు టిక్కెట్లకు కట్టే డబ్బు లేక కార్డులు పనిచేయలేదు. 2019 సెప్టెంబరు 14న దుకాణం కట్టేసింది, 2020 జనవరిలో దివాలా తీసింది. దీని క్లైమాక్సు 2021లో వచ్చింది. ఎక్కువ సినిమాలు చూసే సభ్యుల పాస్‌వర్డులు చెల్లకుండా చేశారని అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ ఆరోపించింది. వాడుకునేవాడు నష్టం, వాడుకోనివాడు లాభం అయిన ప్రతి చోటా ఎక్కడో ఒక తలుపుకు గొళ్ళెం వుంటుంది. మనదేశంలో 2023 అక్టోబరులో పీవీఆర్ ఐనాక్స్ నెలకు 699 రూపాయలకు పది సినిమాల పాస్ తెచ్చినప్పుడు ఆ గొళ్ళెం ముందే చెప్పి పెట్టారు: సోమవారం నుంచి గురువారం దాకానే. నిజాయితీయే, కాదనను. కాని శుక్రవారం పొద్దుటాట చూడకపోతే అన్నం సహించనివాళ్ళకు ఆ పాస్ దేనికి?

అలాగని కార్డులన్నీ దండగ అనను. ఆ మేనేజరు దగ్గరే ఇంకో లెక్క చూశాను. ఆ చుట్టుపక్కల ఆఫీసుల్లో పనిచేసే నలుగురు, నెలకు రెండుసార్లు ఎలాగూ కలిసి తింటారనుకోండి. వెయ్యి రూపాయల బిల్లు మీద 200 తగ్గుతుంది. ఏడాదికి ఇరవైనాలుగుసార్లు అంటే 4,800. కార్డు ధర 2,359 పోగా 2,441 మిగులుతుంది. కార్డు ధర నలుగురూ పంచుకుంటే తలా ఆరువందలు కూడా కాదు. వాళ్ళు కళ్ళు మూసుకుని కొనొచ్చు. కాదు కాదు, కళ్ళు తెరిచే కొనాలి, ఎందుకంటే ఆ హోటలు ఏడాది పొడుగునా ఆ కార్డును గౌరవించాలి కదా! ఫోన్ చేసి 'మీ దగ్గర ఈ కార్డు చెల్లుతుందా, ఏ రోజుల్లో, బిర్యానీకి కూడానా' అని హోటలువాణ్ణే అడగాలి. అమ్మేవాణ్ణి కాదు. కొంటే రశీదు తీసుకోవాలి. చెల్లుతుందని చెప్పి అమ్మింది చెల్లకపోతే 1915కు ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ వుంది, ఐదు లక్షల రూపాయల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు. టై కుర్రాళ్ళ మీద అరిస్తే లాభం లేదు, పాపం వాళ్ళూ కమీషన్ మీద బతికేవాళ్ళే. మావాడితో కోచింగులో కూర్చునేవాళ్ళే అయినా ఆశ్చర్యం లేదు.

ఆ మాటకొస్తే మావాడి దగ్గర ఆల్రెడీ ఒక భోజనం కార్డుంది. మంకమ్మతోటలో వాడు తినే మెస్సు టోకెన్ల పుస్తకం. నెల మొదట్లో డబ్బు కట్టి కొంటాడు, పూటకొకటి చింపి ఇస్తాడు. కోరుట్ల పోయిన రోజుల టోకెన్లు మిగిలితే వచ్చే నెల చెల్లుతాయి. పండుగకు చెల్లదు అనే షరతు లేదు, పైగా పండుగనాడు పాయసం పోస్తుంది ఆ మెస్సు నడిపే అమ్మ. రెండు రోజులు కనబడకపోతే 'ఏం బిడ్డా, పానం బాగలేదా' అని అడుగుతుంది. ఎలాగూ తినే చోట ముందుగా డబ్బు కట్టడం వేరు, కార్డుందని చెప్పి తినని చోటికి పోవడం వేరు. ఈ తేడా చెప్తే వాడు నవ్వి, "మెస్సుకు అమ్మను తోల్కపోలేను గద మామా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

కార్డు కొనలేదు. నేను ఆదిలాబాద్ బస్సెక్కాను.

రెండు వారాల తర్వాత, మళ్ళీ ఆదివారం రాత్రి, ఫోన్. ఈసారి పాప్‌కార్న్ చప్పుడు లేదు.

అక్కను కరీంనగర్ పిలిపించాడట. 2023 డిసెంబరు నుంచి మా ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితం, ఆధార్ కార్డు చూపించి సున్నా టిక్కెట్టు తీసుకుని దర్జాగా దిగిందట. మానేరు డ్యామ్ మీద తిప్పాడట, తీగల వంతెన చూపించాడట. తర్వాత ఆ నిజం చెప్పిన మేనేజరు హోటలుకే తీసుకుపోయాడు. అక్క లోపలికి పోతూ చెప్పులు బయట విడిచిందట, వీడు మళ్ళీ తొడిగించాడట. కూర్చోగానే అడిగింది, ఇద్దరికి ఎంతైతదిరా అని.

"కార్డున్నదే అమ్మా. నీది ఫ్రీ" అన్నాడట వీడు.

"ఏదీ, సూపియ్యి."

మావాడు జేబులోంచి తన డిగ్రీ కాలేజీ లైబ్రరీ కార్డు తీసి చూపించాడు. ఇంగ్లీషులో వుంది, పైన వాడి ఫోటో వుంది. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కొంగుతో తుడిచి తిరిగి ఇచ్చిందట. మటన్ కూర, రొట్టె, ఆఖర్న ఐస్‌క్రీము, ఏదీ వదల్లేదు. బిల్లు 740. వీడు చేయి కడుక్కునే నెపంతో కౌంటరు దగ్గరికి పోయి కట్టేసి వచ్చాడు.

"మరి నీకేం డౌటు రాలేదానే అని అడిగినవా?" అన్నాను.

"లేదు మామా. బయటికొచ్చినంక ఒక్కటే అన్నది. 'వచ్చే నెల మీ మామను గూడ పిలువు, గా కార్డు మీద ఆనిది గూడ ఫ్రీ అయితదేమో అడుగు' అన్నది."